యూనియన్ మాట ప్రతి సభ్యుడికీ చేరాలంటే: ప్రచార సలహా కమిటీని వేసి నడిపే పద్ధతి

"కరపత్రాలు వేస్తున్నాం, వాట్సాప్ గ్రూపు ఉంది, గేటు మీటింగులు పెడుతున్నాం. అయినా మా సభ్యులకు ఏమీ తెలియడం లేదు." ఈ మాట బ్రాంచి కార్యదర్శుల నోట తరచూ వింటున్నాను. కొందరు ఇంకో అడుగు వేసి, సభ్యులతో ఒక సలహా కమిటీ వేయాలనుకుంటున్నామని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడుగుతున్నారు. ఒక మున్సిపల్ కార్మికుల యూనియన్‌లో ప్రచారం పని చూస్తూ నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. డిపో అయినా, గని అయినా, ఆస్పత్రి అయినా వరస ఇదే. షిఫ్టులు, పేర్లు మీవి పెట్టుకోండి.

ముందుగా ఒక సంగతి. ఈ కమిటీ రాయడానికి కాదు. రాసే పని ఒకరిద్దరే చేస్తారు. రాసినది బయటికి పోకముందు చదివి "ఇది మా వాళ్లకు అర్థం కాదు" అని చెప్పడం, పోయాక "మా దగ్గర ఇలా అనుకుంటున్నారు" అని తెచ్చి చెప్పడం కమిటీ పని. ఇది మరిచిపోయిన చోట కమిటీ రెండు నెలల్లో ఇంకో కార్యవర్గమైపోతుంది.

1. కమిటీ కంటే ముందు పది మందిని అడగండి

కమిటీ వేసే ముందు ఒక వారం దీనికి ఇవ్వండి. కార్యవర్గంలో లేని పది మంది సభ్యుల దగ్గరకు, వాళ్లు పనిచేసే చోటికే వెళ్లండి. ఫోన్లో అడగొద్దు. మాకైతే అది తెల్లవారుజామున 5 గంటల మస్టర్, అంటే పనికి ముందు హాజరు వేసే చోటు.

అడగవలసినవి మూడే:

- యూనియన్ ఈమధ్య చెప్పిన విషయం ఏది గుర్తుంది?
- అది మీకు ఎవరి ద్వారా, ఎలా తెలిసింది?
- దాని గురించి మీరు చేయవలసింది ఏమైనా ఉందా?

జవాబును వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "అదేదో జీతాల గురించి" అన్నారా, అలాగే రాయండి. మీరు సరిదిద్ది రాస్తే అసలు రోగం కనబడదు.

మేం అడిగినప్పుడు రెండో ప్రశ్న దగ్గర కళ్లు తెరుచుకున్నాయి. ఎక్కువమంది "మేస్త్రి చెప్పాడు" అన్నారు. మేస్త్రి మా సభ్యుడు కాదు, అధికారుల మాట కింది దాకా మోసేవాడు. మా కరపత్రంలోని విషయం మా సభ్యులకు అతని నోటి గుండా, అతనికి తోచిన రీతిలో చేరుతోంది. కరపత్రం ఎంత అందంగా వేసినా లాభమేముంది?

ఈ పది జవాబుల కాగితం దాచండి. మూడు నెలల తర్వాత మళ్లీ కావాలి.

2. అధికారం ఎంతో తీర్మానంలో రాయండి

"చూద్దాంలే, అందరం మనవాళ్లమేగా" అని నోటిమాటతో మొదలుపెట్టిన కమిటీలు మొదటి గొడవకే విరిగిపోతాయి. కార్యవర్గ సమావేశంలో తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి. ఒక పేజీ చాలు. మేం వాడిన మాటలు దాదాపు ఇవి:

"యూనియన్ ప్రచారంపై సలహా ఇవ్వడానికి 9 మంది సభ్యులతో కమిటీ ఏర్పాటు చేయడమైనది. కాలపరిమితి ఒక సంవత్సరం. కరపత్రాలు, సర్క్యులర్లు, వాట్సాప్ సందేశాలు విడుదలకు ముందు కమిటీకి చూపవలెను. కమిటీ సలహాను కార్యవర్గం స్వీకరించని పక్షంలో కారణాన్ని తదుపరి సమావేశంలో తెలుపవలెను. డిమాండ్లు, చర్చలు, సమ్మె నిర్ణయాలు కార్యవర్గం, జనరల్ బాడీ పరిధిలోనివి."

మూడో వాక్యం వల్ల కమిటీకి చూపకుండా ఏదీ బయటికి పోదు. నాలుగోది కమిటీకి గౌరవం నిలుపుతుంది. సలహా తీసుకోకపోవడం తప్పు కాదు, ఎందుకు తీసుకోలేదో చెప్పకపోవడం తప్పు. ఐదోది కార్యదర్శికి నిద్ర పట్టడానికి. ఏ ఒక్కటీ వదలొద్దు.

డబ్బు సంగతీ అప్పుడే తేల్చుకోండి. యూనియన్ సాధారణ నిధిని ఏయే పనులకు వాడవచ్చో చట్టంలోనూ, మీ నిబంధనావళిలోనూ ఉంటుంది. కార్మికుల విషయాలు చర్చించే పత్రిక నిర్వహణ ఖర్చు 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం నాటి నుంచీ అందులో ఉంది. రాజకీయ ప్రచారానికి మాత్రం ఆ చట్టం వేరే నిధి ఉండాలంది, కాబట్టి రెండింటినీ కలపకండి. కమిటీ సభ్యులకు రానుపోను చార్జీలు, పని పూట పోతే ఆ పూట కూలి యూనియనే ఇవ్వాలి. ఈ ఖర్చు మిగుల్చుకుంటే కమిటీలో తీరిక ఉన్నవాళ్లు మాత్రమే మిగులుతారు.

3. ఎవరిని తీసుకోవాలి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికి పెట్టండి. బాగా మాట్లాడేవాళ్లను, మీటింగుల్లో ముందు వరసలో కూర్చునేవాళ్లను ఏరుకోవాలనిపిస్తుంది. వాళ్లకు మీ మాట ఎలాగూ చేరుతోంది. చేరని వాళ్లను వెతకండి.

ఒక తెల్లకాగితం తీసుకుని మీ సభ్యులను ఇలా విడగొట్టండి:

- పని రకం: మాలో ఊడ్చేవాళ్లు, కాలువలు తీసేవాళ్లు, చెత్త బండ్ల డ్రైవర్లు, నీటి సరఫరా వాళ్లు, వీధి దీపాల వాళ్లు. డిపోలో అయితే డ్రైవర్లు, కండక్టర్లు, గ్యారేజీ మెకానిక్కులు.
- ఉద్యోగ రకం: పర్మినెంట్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్.
- షిఫ్టు: రాత్రి షిఫ్టు వాళ్లను ఎవరూ పిలవరు. ముందు వాళ్ల పేరే రాయండి.
- చదువు, ఫోను: చదవడం రానివాళ్లు, బటన్ ఫోను వాళ్లు, ఇంట్లో ఒకే ఫోనును పిల్లలతో కలిసి వాడేవాళ్లు.
- భాష: హైదరాబాద్‌లో ఉర్దూ, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఒడియా మాట్లాడే సభ్యులు ఉంటారు.
- కొత్త, పాత: చేరి ఏడాది నిండని వాళ్లు కనీసం ఒకరు.

ఒక్కొక్కరు రెండు మూడు గళ్లలో పడతారు కాబట్టి 9 మందితో అన్నీ నిండుతాయి. ఆడవాళ్ల సంఖ్య సభ్యత్వంలో ఎంత పాలో కమిటీలోనూ అంతకు తగ్గకూడదు. పారిశుధ్యంలో చీపురు పట్టేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. యూనియన్ కమిటీల్లో చూస్తే ఒకరో ఇద్దరో ఉంటారు. ఈ కమిటీలోనూ అలాగే జరిగితే దీన్ని వేయడమే దండగ.

చదవడం రాని సభ్యులు కనీసం ఇద్దరు ఉండాలని నేను గట్టిగా చెబుతాను. ఒక్కరే అయితే నలుగురిలో తల దించుకుని కూర్చుంటారు. ఇద్దరైతే ఒకరికొకరు తోడు, నోరు విప్పుతారు. కరపత్రాన్ని పైకి చదివి వినిపించినప్పుడు ఎక్కడ దారి తప్పిందో అందరికంటే ముందు పట్టేది వాళ్లే.

ఎవరు వద్దు? కార్యవర్గంలో ఉన్నవాళ్లు వద్దు, ప్రచార కార్యదర్శి ఒక్కరు తప్ప. ఆయన కూడా రాసుకోవడానికే ఉంటారు, ఓటు ఉండదు. వచ్చే ఎన్నికల్లో కార్యదర్శి పదవికి పోటీ చేయాలని చూస్తున్నవాళ్లు వద్దు. ఇతరుల మీద అధికారం ఉన్న మేస్త్రులు, సూపర్‌వైజర్లు మీ యూనియన్ సభ్యులే అయినా ఇక్కడ కూర్చోకూడదు. వాళ్ల ఎదుట కింది పనివాళ్లు నోరు మెదపరు.

ఎంపిక ఎలా? నామినేట్ చేస్తే "వాళ్ల మనుషుల్నే పెట్టుకున్నారు" అంటారు. ఓటు పెడితే పేరున్నవాళ్లే గెలుస్తారు. మాకు కుదిరిన దారి ఇది: ప్రతి మస్టర్ పాయింటులో "మీ తరఫున ఎవరిని పంపుతారు?" అని అడిగాం. వచ్చిన పేర్లను గళ్ల వారీగా చీటీలు వేసి తీశాం. చీటీ తీసింది మీటింగుకు వచ్చిన ఒక సభ్యురాలి కూతురు. ఆ తర్వాత ఎంపిక మీద ఒక్క పేచీ కూడా రాలేదు.

ఎంపిక పూర్తయ్యేసరికి ఇవి సరిచూసుకోండి:

- ప్రతి షిఫ్టు నుంచి ఒకరైనా ఉన్నారా
- ఔట్‌సోర్సింగ్ వాళ్లు వాళ్ల సంఖ్యకు తగ్గట్టు ఉన్నారా
- చదవడం రానివాళ్లు ఇద్దరు ఉన్నారా
- ప్రతి సభ్యుడికీ బదులు వచ్చే మనిషి పేరు రాసుకున్నారా
- ఇంట్లో వాళ్లు ఒప్పుకున్నారా, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో సమావేశం వేళ కుదురుతుందా

4. మొదటి సమావేశం: ఒకే కాగితం, బిగ్గరగా

పని దిగే వేళకు పెట్టండి. మాకు ఉదయం 11 గంటలు. గంటన్నర మించొద్దు. టీ, ఏదైనా టిఫిన్ ముందే పెట్టండి, ఆకలితో ఉన్న మనిషి "సరే సరే" అని లేచిపోతాడు.

ఉపన్యాసాలు, దండలు, పరిచయ ప్రసంగాలు వద్దు. యూనియన్ ఇటీవల వేసిన ఒక కరపత్రం అందరి చేతికీ ఇవ్వండి. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు అర్థం కాని చోట చెయ్యెత్తాలి. రాసినవాళ్లు ఒక్క మాటా మాట్లాడకూడదు.

మా మొదటి సమావేశంలో ఈఎస్ఐ (జీతంలో కోతతో నడిచే కార్మికుల ఆరోగ్య బీమా) మీద వేసిన కరపత్రం తీసుకున్నాం. జీతం పెరిగి 21,000 రూపాయల పరిమితి దాటిన కొందరికి కార్డు ఆగిపోతుందన్న భయం పట్టుకుంది. ఆ భయం తీర్చడానికి వేసిన కరపత్రం అది. అందులో నేను రాసిన వాక్యం:

"వేతన పరిమితిని అధిగమించిన కార్మికులకు సైతం ప్రస్తుత కాంట్రిబ్యూషన్ పీరియడ్ ముగియునంతవరకు ఈఎస్ఐ ప్రయోజనములు వర్తించునని సభ్యులకు తెలియజేయడమైనది."

చదవడం అయ్యాక ఊడ్చే పనిచేసే ఒకామె చెయ్యెత్తింది. "ఇంతకీ నా కార్డు పనిచేస్తదా, చెయ్యదా అండీ?" అంది. ఆమె భర్తకు డయాలసిస్ జరుగుతోంది. మూడు వారాలుగా ఆ కాగితం ఆమె బ్యాగులోనే ఉంది. మడతల దగ్గర చినిగింది. ఎవరినో పట్టుకుని చదివించుకుంది కూడా. అయినా ఆమెకు కావలసిన ఒక్క ముక్క అందులో దొరకలేదు.

అక్కడికక్కడే కమిటీ దాన్ని ఇలా మార్చింది:

"జూన్ నెలలో మీ జీతం 21,000 దాటిందా? భయపడకండి. సెప్టెంబర్ నెలాఖరు దాకా మీ జీతంలో ఈఎస్ఐ కోత పడుతూనే ఉంటుంది, మీ కార్డు పనిచేస్తూనే ఉంటుంది. ఆస్పత్రిలో కాదంటే మీ బ్రాంచి కార్యదర్శికి ఫోన్ చేయండి."

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని చందా కాలాలు రెండున్నాయని నాకు తెలుసు. తెలిసిన విషయాన్ని తెలిసిన భాషలోనే రాసి, ఆమెకు చెప్పాననుకున్నాను. అప్పటి నుంచి "తెలియజేయడమైనది" అనే మాట మా కరపత్రాల్లో లేదు. తీర్మానాల్లో, అధికారులకు ఇచ్చే వినతిపత్రాల్లో ఉంటుంది. అక్కడ దాని పని దానిది.

సమావేశం చివర్లో వచ్చే నెల ఏ సందేశం చూడాలో, ఎవరు ఏ మస్టర్‌లో వాకబు చేయాలో రాసుకుని లేవండి.

5. నెలనెలా నడిపే వరస

ఒక సందేశం పుట్టిన దగ్గర నుంచి దాని ఫలితం తెలిసేదాకా ఆరు మెట్లు. వీటి వరస మార్చకండి.

1. కార్యవర్గం విషయం నిర్ణయిస్తుంది. "సభ్యుడు ఇది చదివాక ఏం చేయాలి?" అన్నదానికి ఒక్క వాక్యంలో జవాబు రాస్తుంది. జవాబు లేకపోతే ఆ సందేశం ఇప్పుడు అక్కర్లేదన్నమాట.
2. ప్రచార కార్యదర్శి చిత్తు రాస్తాడు. కరపత్రమైతే ఒక వైపుకే, వాట్సాప్ అయితే ఫోన్ తెర మీద ఒక్కసారికి కనబడేంత.
3. కమిటీలో ముగ్గురు తమ తోటి సభ్యులకు, ఒక్కొక్కరు ఇద్దరికి, చదివి వినిపించి "నీకేం అర్థమైంది, నీ మాటల్లో చెప్పు" అని అడుగుతారు. "అర్థమైందా?" అని అడగకూడదు. ఆ ప్రశ్నకు ఎవరైనా "ఆ, అయింది" అనే అంటారు.
4. తేడా వచ్చిన చోట మారుస్తారు. అంకెలు, తేదీలు, జీవో నంబర్లు కార్యాలయంలో ఉన్న అసలు కాగితంతో పోల్చి, ఎవరు పోల్చారో పొడి అక్షరాలు వేస్తారు.
5. విడుదల. తేదీ, ప్రతుల సంఖ్య, ఎవరు ఎక్కడ పంచారో రిజిస్టరులో రాస్తారు.
6. నాలుగు రోజుల తర్వాత కమిటీ సభ్యులు తమ మస్టర్లలో మళ్లీ అడుగుతారు. వచ్చిన మాటలను, తిట్లతో సహా, సమావేశానికి తెస్తారు.

మూడో మెట్టుకు ఒక్క రోజు చాలు, అయినా తొందరలో ముందు ఎగిరిపోయేది అదే. ఆరో మెట్టు చేయాలంటే ధైర్యం కావాలి. మనం రాసింది ఎవరికీ చేరలేదని వినడం కష్టంగానే ఉంటుంది.

6. ఏ మాట ఏ దారిన పోవాలి

వాట్సాప్. ఒక గ్రూపులో 1,024 మంది దాకా పడతారు. రెండు గ్రూపులు వేరుగా పెట్టండి. ఒకటి ప్రకటనలకు, అందులో అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగు పెట్టాలి. రెండోది బ్రాంచి స్థాయిలో మాట్లాడుకోవడానికి. రెండూ కలిపితే శుభోదయాల కింద సమ్మె తేదీ కూరుకుపోతుంది.

బ్రాడ్‌కాస్ట్ జాబితా (ఒకే సందేశం చాలామందికి విడివిడిగా పంపేది) వాడితే రెండు గుర్తుంచుకోండి: ఒక జాబితాలో 256 మందే పడతారు, మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం అందుతుంది. పంపేశాం కదా అని మీరనుకుంటారు, అటు సగం మందికి అంది ఉండకపోవచ్చు.

గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. ఆడవాళ్లకు దీనివల్ల వేళాపాళా లేని ఫోన్లు వస్తాయి, వాళ్లు చెప్పుకోరు. గ్రూపులో చేర్చే ముందు ప్రతి ఒక్కరినీ అడగండి. ఇష్టం లేనివాళ్లకు ఛానెల్ లింకు ఇవ్వండి, అక్కడ అనుసరించేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. ఛానెల్లో పెట్టేది యాజమాన్యం కూడా చదువుతుందనుకునే రాయండి.

గొంతు సందేశం. చదవడం రానివాళ్లకు ఇదే ఆధారం. నిమిషంన్నర దాటొద్దు. రాష్ట్ర నాయకుడి గొంతు కంటే ఆ మస్టర్ వాళ్లకు తెలిసిన మనిషి గొంతు బాగా పనిచేస్తుంది. మొదటి వాక్యంలో తేదీ చెప్పండి: "అక్కలూ, అన్నలూ, ఇవాళ సోమవారం, 12వ తారీకు. విషయమేంటంటే..." పాత సందేశం మళ్లీ తిరిగినప్పుడు ఈ ఒక్క వాక్యమే కాపాడుతుంది.

కరపత్రం. అక్షరాలు పెద్దవిగా, కాగితం మందంగా. చెమట చేతుల్లో నలిగే కాగితమది. మస్టర్ మొదలయ్యే ముందు ఇవ్వకండి, హాజరు వేయించుకునే తొందరలో మడిచి పెట్టేసుకుంటారు. పని మధ్య టీ తాగే చోట ఇవ్వండి.

నోటీసు బోర్డు. గడువు దాటిన నోటీసును అదే రోజు తీసేయడం ఒకరి బాధ్యతగా రాయండి. దీనికింతే.

మనిషి మాట. ప్రతి మస్టర్‌కు కనీసం ఒకరు, ఇరవై మందికి ఒకరు చొప్పున నోటితో చెప్పేవాళ్లను పెట్టుకోండి. వాళ్లకు మూడు వాక్యాల చీటీ ఇవ్వండి. బటన్ ఫోను వాళ్లకు, రాత్రి షిఫ్టుకు ఇంతకు మించిన దారి నాకు దొరకలేదు.

7. సమ్మె రోజుల్లో కమిటీ

నెలవారీ వరస సమ్మెలో నడవదు. ముందే ఒక తొందర పద్ధతి రాసిపెట్టుకోండి: కమిటీలో ముగ్గురి పేర్లు, వాళ్లలో ఇద్దరు "సరే" అంటే గంటలో సందేశం వెళ్లాలి. ఆ ముగ్గురిలో ఒకరు తప్పనిసరిగా చదవడం రానివాళ్లు. వాళ్లకు చదివి వినిపించాలి.

చట్టం మారిన సంగతి కమిటీకి విడమరిచి చెప్పండి. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. నోటీసు ఇవ్వకుండా, నోటీసు ఇచ్చాక 14 రోజులు గడవకుండా, రాజీ చర్చలు నడుస్తుండగా, అవి ముగిసిన 7 రోజుల్లోపు సమ్మెకు దిగరాదు. సగం మందో అంతకు మించో కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా దాన్ని సమ్మె కిందే లెక్కగడతారు.

ఈ చివరిది సందేశాలు రాసేవాళ్లకు ప్రాణం లాంటిది. "రేపు అందరం సెలవు పెడదాం" అని ఉత్సాహంలో ఒక సభ్యుడు గ్రూపులో పెట్టిన మాట యూనియన్ పిలుపుగా కాగితాలకెక్కవచ్చు. సెలవు, విధుల బహిష్కరణ, సమ్మె అన్న మాటలున్న ఏ సందేశమైనా ప్రధాన కార్యదర్శి చూడకుండా పోకూడదని ముందే నిర్ణయించుకోండి. అవసరమైతే న్యాయవాదికీ చూపండి.

నోటీసుకూ సమ్మెకూ మధ్య ఉన్న ఆ 14 రోజులను ఇలా వాడుకోవచ్చు:

- మొదటి మూడు రోజులు: డిమాండ్లు, ఒక్కొక్కటి ఒక్కో వాక్యంలో
- తర్వాత వారం: సభ్యులు కమిటీకి తెచ్చిన ప్రశ్నలకు జవాబులు. జీతం కోత పడుతుందా, ఉద్యోగం పోతుందా, కొత్తవాళ్లు రావాలా, ఇవి అడుగుతారు. దాటవేయకండి
- చివరి నాలుగు రోజులు: ఎక్కడ చేరాలి, ఎన్నింటికి, ఎవరికి ఫోన్ చేయాలి

సమ్మె మొదలయ్యాక రోజూ ఒకే వేళకు ఒక సందేశం వెళ్లాలి, చెప్పడానికి కొత్తది లేకపోయినా. 2019 తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. 2023 డిసెంబర్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు. అన్ని రోజులు జీతం లేకుండా ఇంట్లో కూర్చున్న మనిషికి సాయంత్రం 7 గంటలకు యూనియన్ నుంచి మాట రాకపోతే, ఆ ఖాళీని పుకారు నింపుతుంది. "చర్చలు ఇవాళ జరగలేదు, రేపు ఉదయం 11కు పిలిచారు" అన్నా చాలు.

పుకారు వస్తే దాన్ని తిరిగి ఫార్వర్డ్ చేసి "ఇది అబద్ధం" అనకండి. అబద్ధమే ఇంకో వెయ్యి మందికి చేరుతుంది. నిజమేమిటో మొదటి వాక్యంలో మీ మాటల్లో రాయండి. పుకారు ఏ మస్టర్‌లో మొదలైందో కమిటీ సభ్యులకు ఇట్టే తెలుస్తుంది, అక్కడికి మనిషిని పంపండి.

8. పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు

అధికారి మీద ఆరోపణ రాసేటప్పుడు చేతిలో కాగితం ఉన్నది మాత్రమే రాయండి. పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. "దొంగ" అనే బదులు "మార్చి, ఏప్రిల్ నెలల పీఎఫ్ మా ఖాతాల్లో జమ కాలేదు, పాస్‌బుక్ ప్రతులు ఇవిగో" అని రాస్తే బలం ఎక్కువ, ప్రమాదం తక్కువ.

సభ్యుల ఫొటో, జీతం చీటీ, జబ్బు వివరాలు వాడాలంటే వాళ్ల అనుమతి రాయించుకోండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించి, ఎక్కడ కనబడుతుందో చెప్పి తీసుకోండి. నంబర్ల జాబితా ఇద్దరి దగ్గరే ఉండాలి. పదవి దిగినవాళ్ల ఫోన్లో అడ్మిన్ హక్కు మిగిలిపోకూడదు. ఇది మామూలు జాగ్రత్తలా కనిపిస్తుంది గానీ, యూనియన్ రెండుగా చీలిన రోజున గ్రూపు ఎవరి చేతిలో ఉందన్నదే మొదటి గొడవ అవుతుంది.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

కమిటీ తప్పులు దిద్దే బల్లగా మారుతుంది. దీర్ఘాలు, వత్తుల మీద చర్చ నడుస్తుంది. మందు: అక్షరదోషాలు ఒకరికే అప్పగించి, సమావేశంలో ఆ మాట ఎత్తనివ్వకండి.

ఇద్దరే మాట్లాడతారు. అధ్యక్షుడు ప్రతి అంశం మీద వరసగా అందరినీ అడగాలి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లతో మొదలుపెట్టి. చివరిగా మాట్లాడమంటే "వాళ్లు చెప్పిందే" అంటారు.

చూపించడం ఒక తంతు అవుతుంది. కరపత్రం అచ్చుకు ఇచ్చేసి కమిటీకి చూపిస్తారు. మాకూ జరిగింది, సభ్యులు రెండు సమావేశాలు రాలేదు. డీటీపీ చేసేవాడికి "కమిటీ సంతకం లేని కాగితం వేయొద్దు" అని చెప్పి పెట్టాం. ఆ తర్వాత జరగలేదు.

చెప్పింది ఏమైందో ఎవరికీ తెలియదు. ప్రతి సమావేశం మొదటి పది నిమిషాలు దీనికే: పోయిన నెల మీరు చెప్పినవి ఇవి, ఇవి మార్చాం, ఇవి మార్చలేదు, కారణం ఇది.

కమిటీలో మాట్లాడినందుకు సభ్యుడికి ఇబ్బంది వస్తుంది. మినిట్స్‌లో ఎవరేమన్నారో పేర్లతో రాయకండి, అభిప్రాయం మాత్రమే రాయండి. ఔట్‌సోర్సింగ్ వాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. వాళ్లను తీసేయడానికి ఒక ఫోన్ కాల్ చాలు.

యూనియన్ వర్గాలు కమిటీలోకి వస్తాయి. ఎన్నికల నెలలో కమిటీ సమావేశాలు ఆపండి. ఆ నెల అభ్యర్థుల ప్రచారానికి యూనియన్ గ్రూపులు వాడకూడదని తీర్మానంలో చేర్చండి.

10. మూడు నెలల తర్వాత

దాచిపెట్టిన ఆ పది జవాబుల కాగితం బయటికి తీయండి. మళ్లీ పది మంది దగ్గరకు వెళ్లండి, వీలైతే అవే మస్టర్లకు, వేరే మనుషుల దగ్గరకు. అవే మూడు ప్రశ్నలు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కమిటీ ముందు చదవండి.

ఇవి చూడండి:

- "మేస్త్రి చెప్పాడు" అన్నవాళ్లు తగ్గారా
- మూడో ప్రశ్నకు, అంటే తాము ఏం చేయాలో, సూటిగా చెప్పినవాళ్లు పెరిగారా
- రాత్రి షిఫ్టు జవాబులు పగటి షిఫ్టు జవాబులకు దగ్గరగా ఉన్నాయా
- కమిటీ సలహాల్లో ఎన్ని తీసుకున్నారు, తీసుకోని ప్రతిదానికీ కారణం రాశారా
- వరసగా రెండు సమావేశాలు రాని సభ్యుడి దగ్గరకు ఎవరైనా వెళ్లి అడిగారా

ఏడాది చివర 9 మందిలో 5 మందిని మార్చండి, 4 మందిని ఉంచండి. మారేవాళ్ల పేర్లు కూడా చీటీ వేసే తీయండి. దిగిపోయే ఐదుగురూ తమ బదులు వచ్చేవాళ్లను వెంటబెట్టుకుని ఒక సమావేశంలో పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఆ రోజు కూడా ముందు ఒక కరపత్రం పైకి చదవండి, కొత్తవాళ్లను ముందుగా చెయ్యెత్తమనండి.